మామ్మ కబుర్లు ఇంగ్లీషులో రాయాలి: ‘యూజ్డ్ టు’ ఎక్కడ, ‘వుడ్’ ఎక్కడ, ఉత్త పాస్ట్ టెన్స్ ఎక్కడ?

గౌతమి ఒడ్డు | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారమండి. మాది ఎదుర్లంక దగ్గర పల్లె. మా అన్నయ్య పిల్లలిద్దరూ డాలస్‌లోనే పుట్టి పెరిగారు. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవలేరు. వాళ్ళ కోసం మా మామ్మ చెప్పే పాత కబుర్లన్నీ ఇంగ్లీషులో రాసి చిన్న పుస్తకంలా కుట్టిద్దామని ఉంది. మామ్మ చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చిక్కెక్కడంటే, మామ్మ నోట ప్రతి వాక్యమూ ‘ఉండేది, వెళ్ళేవాళ్ళం, కట్టేసేవారు’ అనే ముగుస్తుంది. అన్నిటికీ యూజ్డ్ టు పెడితే పేజీ నిండా అదే కనిపిస్తోంది. వుడ్ కూడా వాడొచ్చని ఒకరన్నారు, మామూలు పాస్ట్ టెన్స్ చాలని ఇంకొకరన్నారు. ఒక ముక్క కింద పెడుతున్నాను, మామ్మ చెప్పింది చెప్పినట్టు:

“అప్పట్లో ఎదుర్లంక నుంచి యానానికి వంతెన లేదు. పడవ ఉండేది. మీ తాతయ్య ప్రతి మంగళవారం యానాం సంతకెళ్ళేవారు. చీకటితో లేచి చద్దన్నం తిని రేవుకి పోయేవారు. మాకు రెండు గేదెలుండేవి, వాటికి తవుడూ చిట్టూ అక్కణ్ణుంచే తెచ్చేవారు. ఏటికవతల ఏముందో నాకు తెలిసేది కాదు. ఆయన తిరిగొచ్చేసరికి నేను లాంతరు పట్టుకుని రేవులో నించుని ఉండేదాన్ని. ఓ ఏడు ఆగస్టులో మాత్రం గోదారి అరుగెక్కేసింది.”

ఎలా రాయమంటారు?

సఖినేటిపల్లి రేవు | ఆదివారం, ఉదయం 8:02

అన్నిటికీ యూజ్డ్ టు పెట్టినా వ్యాకరణం ప్రకారం పెద్ద ఇబ్బంది రాదండి, ఆ ఆఖరి వాక్యం ఒక్కటీ తప్ప. చదివే పిల్లలకి మాత్రం విసుగొస్తుంది.

లొల్ల లాకులు | ఆదివారం, ఉదయం 9:05

అమ్మా, చాలా మంచి పని తలపెట్టారు. హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త విడమరిచి రాస్తాను. ఓపిగ్గా చదవండి.

మన ‘ఉండేది’లోని ఆ ‘-ఏ’ ఒక్కటే గతంలోని అలవాటునీ మోస్తుంది, గతంలోని స్థితినీ మోస్తుంది. ‘పడవ ఉండేది’ స్థితి. ‘సంతకెళ్ళేవారు’ అలవాటు. మనకి రెండిటికీ తేడా చూపించాల్సిన పనే పడదు. ఇంగ్లీషులో పడుతుంది. అందుకని మీ మామ్మగారి వాక్యం ఒక్కొక్కటీ తీసుకుని ముందు ఇదొక్కటే అడగండి: ఇది మళ్ళీ మళ్ళీ జరిగిన పనా, లేక చాన్నాళ్ళు అలా ఉండిపోయిన సంగతా?

అలా ఉండిపోయిన సంగతైతే యూజ్డ్ టు. ‘దేర్ యూజ్డ్ టు బీ ఎ ఫెర్రీ.’ ‘వి యూజ్డ్ టు హావ్ టూ బఫెలోస్.’ ఇక్కడ వుడ్ పనికిరాదు. ‘వి వుడ్ హావ్ టూ బఫెలోస్’ అని రాస్తే, ‘ఏదో కలిసొచ్చుంటే మనకీ రెండు గేదెలుండేవి’ అన్నట్టు వినిపిస్తుంది ఇంగ్లీషు చెవికి. యానాన్నే తీసుకోండి. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. ‘యానాం యూజ్డ్ టు బిలాంగ్ టు ఫ్రాన్స్’ అంటే చక్కగా ఉంటుంది. అక్కడ వుడ్ పెడితే వాక్యం చెడిపోతుంది. బీ, హావ్, నో, లైక్, బిలీవ్, బిలాంగ్, ఓన్, లివ్, ఇవన్నీ ఈ జాతివే.

మళ్ళీ మళ్ళీ జరిగిన పనైతే రెండూ నడుస్తాయి. ‘హీ యూజ్డ్ టు గో టు ది మార్కెట్ ఎవ్రీ ట్యూజ్‌డే’ అనొచ్చు, ‘హీ వుడ్ గో’ అనీ అనొచ్చు. కాకపోతే వుడ్‌తో కథ మొదలెట్టకూడదు. ఏ రోజుల సంగతి చెబుతున్నామో వినేవాడికి ముందే తెలిసి ఉండాలి. లాకు తలుపులు తీశాకే పడవ కదిలినట్టు, యూజ్డ్ టు గానీ ‘ఇన్ దోజ్ డేస్’ గానీ కాలాన్ని తెరిచాకే వుడ్ కదుల్తుంది. ఒకసారి తెరుచుకున్నాక ఇక వరసగా వుడ్‌లు వేసుకుంటూ పోవచ్చు: చీకటితో లేచేవారు, చద్దన్నం తినేవారు, రేవుకి పోయేవారు, తవుడు తెచ్చేవారు. మీ పేజీ నిండా యూజ్డ్ టు పేరుకుపోవడానికి మందు ఇదే. మొదటి వాక్యంలో ఒక్క యూజ్డ్ టు, ఆ తర్వాత వుడ్‌లు. రెండు మూడు పనులు ఒకే వాక్యంలో ఉంటే వుడ్ ఒక్కసారి చాలు: ‘హీ వుడ్ గెటప్ ఇన్ ది డార్క్, ఈట్ లాస్ట్ నైట్స్ రైస్ అండ్ వాక్ డౌన్ టు ది ల్యాండింగ్.’

ఇక మూడోది మామూలు పాస్ట్ టెన్స్. ఒకేసారి జరిగినదానికీ, లెక్కపెట్టి చెప్పినదానికీ, ఇంతకాలం అని కొలిచినదానికీ ఇదే. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు, ‘బిల్ట్’ అంతే. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన చూడండి. ‘ట్రెయిన్స్ యూజ్డ్ టు రన్ ఆన్ ది ఓల్డ్ బ్రిడ్జ్’ అనడం బాగానే ఉంటుంది. అదే 1900 నుంచి 1997 దాకా అని కొలత పెట్టారంటే ‘ట్రెయిన్స్ రాన్ ఆన్ ఇట్ ఫ్రమ్ 1900 టు 1997’ అని మామూలు పాస్ట్‌లోకి దిగిపోవాలి. కొలతా యూజ్డ్ టూ ఒక వాక్యంలో ఇమడవు.

ఇక్కడ మన తెలుగు చెవి మనకి బాగా సాయపడుతుంది. ‘పుష్కరాలకి మూడుసార్లు వెళ్ళాం’ అంటాం గానీ ‘మూడుసార్లు వెళ్ళేవాళ్ళం’ అనం. ‘ఏడాదికి మూడుసార్లు’ అయితే మాత్రం ‘వెళ్ళేవాళ్ళం’ అనేస్తాం, అది లెక్క కాదు, అలవాటు. ఇంగ్లీషులోనూ అంతే. మీ మామ్మగారు కూడా వరద దగ్గరికొచ్చేసరికి ‘అరుగెక్కేసింది’ అని క్రియ మార్చేశారు చూడండి. ఆవిడ ఎక్కడ మారిస్తే మీరూ అక్కడ మార్చండి.

తూర్పుగాలి | ఆదివారం, ఉదయం 9:48

మాష్టారూ, నమస్తే. అమలాపురంలో ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతున్నాను. మా బ్యాచ్‌లో చాలామంది హాబీల గురించి అడిగితే ‘ఇన్ మై ఫ్రీ టైమ్ ఐ యూజ్డ్ టు ప్లే క్రికెట్’ అంటున్నారు. వాళ్ళు ఇప్పటికీ రోజూ సాయంత్రం ఆడుతున్నవాళ్ళే. అలా అనొచ్చా?

పాలకొల్లు పంతులమ్మ | ఆదివారం, ఉదయం 10:20

అనకూడదు తమ్ముడూ. దీని గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ వినబడేది ఇదే. ‘ఐ యూజ్డ్ టు ప్లే క్రికెట్’ అనగానే అవతలివాళ్ళు ‘మరి ఎందుకు మానేశావు?’ అని అడుగుతారు. ఇంటర్వ్యూలో ఇది నిజంగా దెబ్బ. ‘ఐ యూజ్డ్ టు వర్క్ విత్ ఎక్సెల్’ అంటే ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు చెయ్యడం లేదు అని చెప్పినట్టే.

ఎందుకిలా వస్తుందంటే, మన దగ్గర ‘ఆడుతుంటాను’ అని ఒక చక్కని రూపం ఉంది. ఇప్పటి అలవాటు అది. దానికి ఇంగ్లీషులో ఏదో ప్రత్యేకమైన సాయం ఉండాలని మనసు వెతుక్కుంటుంది. యూజువల్ అన్న మాట పక్కనే ఉంది కదా, చెయ్యి దాని మీద పడబోయి యూజ్డ్ టు మీద పడుతుంది. ఇప్పటి అలవాటుకి ఇంగ్లీషులో ఉత్త ప్రెజెంట్ టెన్సే చాలు: ‘ఐ ప్లే క్రికెట్ ఇన్ ది ఈవెనింగ్స్.’ కావాలంటే యూజువల్లీ తగిలించు. యూజ్డ్ టుకి ప్రెజెంట్ రూపం ఇప్పటి ఇంగ్లీషులో లేదు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఉండేది, తర్వాత వాడుకలోంచి పోయింది. కాబట్టి ‘ఐ యూజ్ టు ప్లే’ అని ‘డి’ తీసేసి వర్తమానం చేద్దామన్నా కుదరదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ‘ఎవ్రీ డే వి వర్ గోయింగ్ టు స్కూల్ బై బోట్’ అంటారు మనవాళ్ళు. ‘వెళ్తూ ఉండేవాళ్ళం’లోని ఆ ‘-తూ’ని అలాగే ‘-ఇంగ్’లో పెట్టేస్తారు. ఇంగ్లీషులో వర్ గోయింగ్ అంటే ఫలానా క్షణానికి ఇంకా దారిలో ఉన్నాం అని. ‘వి వర్ గోయింగ్ టు స్కూల్ వెన్ ది రెయిన్ స్టార్టెడ్’ అంటే బాగుంటుంది. రోజూ జరిగే అలవాటుకి వెంట్, యూజ్డ్ టు గో, వుడ్ గో, ఈ మూడిట్లో ఏదైనా వాడుకోవచ్చు. ఆల్వేస్‌తో కలిపి ‘హీ వాజ్ ఆల్వేస్ కంప్లెయినింగ్’ అనడం వేరే సంగతి, అందులో అనేవాళ్ళ విసుగు వినిపిస్తుంది.

యానాం పడవ | ఆదివారం, ఉదయం 11:15

ఊరి సంగతి కూడా కాస్త చూసుకోండమ్మా. ఎదుర్లంక నుంచి యానాం 2002లో బాలయోగి వంతెన వచ్చాకే రోడ్డు మీద కలిసింది. కాబట్టి అక్కడ ‘దేర్ యూజ్డ్ టు బీ ఎ ఫెర్రీ’ అని ధీమాగా రాయొచ్చు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్ళే పంటు, అదే ఏరు దాటించే బల్లకట్టు, దాని గురించి కూడా మీ మామ్మగారు చెప్పి ఉంటారు, ఆ తరం వాళ్ళకి అది తెలియకుండా ఉండదు. దానికి మాత్రం యూజ్డ్ టు పెట్టకండి. ఆ రేవులో పంటు ఇంకా నడుస్తోంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం రేవు కూడా అంతే. పిల్లలు చదివి, ‘పాపం, అదీ పోయింది’ అనుకుంటారు.

కాలువలు కట్టేయడం కూడా అంతే. ఎండాకాలం కాలువలు కట్టేస్తే చెరువు నీళ్ళతో సర్దుకోవడం ఇప్పటికీ ఉన్నదే. ‘దే క్లోజ్ ది కెనాల్స్ ఎవ్రీ సమ్మర్’, వర్తమానం. వాటిలో సరుకు పడవలు తిరగడం మాత్రం పోయింది, దానికి యూజ్డ్ టు.

గౌతమి ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

యానాం పడవ గారూ, భలే చెప్పారండి. మరి జగ్గన్నతోట ప్రభల తీర్థం? కనుమ రోజు తీర్థం ఇప్పటికీ బ్రహ్మాండంగా జరుగుతుంది. మామ్మ మాత్రం ‘బండి కట్టుకుని వెళ్ళేవాళ్ళం’ అంటుంది. ఇప్పుడు ఆవిడ కదల్లేదు.

లొల్ల లాకులు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

‘వి యూజ్డ్ టు గో’ అని హాయిగా రాయండి. ఆగిపోయింది మీ మామ్మగారి ప్రయాణం, తీర్థం కాదు. యూజ్డ్ టు ఏ కర్తకి తగిలితే ఆ కర్త సంగతే చెబుతుంది. పక్క వాక్యంలో ‘ది ఫెస్టివల్ ఈజ్ స్టిల్ హెల్డ్ ఎవ్రీ జాన్యువరీ’ అని వేస్తే పిల్లలకి రెండూ తెలుస్తాయి.

ఇంకొక్క మాట. ఆగిపోయిందన్నది యూజ్డ్ టు సాధారణంగా కలిగించే ఊహ, తెంచి చెప్పే మాట కాదు. ‘హీ యూజ్డ్ టు కమ్ హియర్, అండ్ హీ స్టిల్ డజ్’ అన్నా వ్యాకరణానికి అడ్డు రాదు. కానీ ఆ ‘స్టిల్’ పలక్కపోతే అందరూ ఆగిపోయిందనే అనుకుంటారు.

పాలకొల్లు పంతులమ్మ | ఆదివారం, సాయంత్రం 4:35

మాష్టారూ, స్థితికి వుడ్ పనికిరాదన్నారు, క్లాసులో నేనూ అలాగే మొదలెడతాను. కానీ మామ్మగారి లాంతరు వాక్యం చూడండి. ‘నించుని ఉండేదాన్ని.’ అది స్థితే కదా. అయినా ‘ఐ వుడ్ బీ స్టాండింగ్ ఎట్ ది ల్యాండింగ్ విత్ ఎ లాంటర్న్’ అంటే ఇంగ్లీషులో ఎంత బాగుంటుందో! ‘బై ద టైమ్ హీ కేమ్ బ్యాక్, ఇట్ వుడ్ బీ డార్క్’ కూడా అంతే. ఈ వాక్యాల్ని యూజ్డ్ టుతో రాయిస్తే నాకు మనసొప్పదు.

లొల్ల లాకులు | ఆదివారం, సాయంత్రం 6:00

బాగా పట్టుకున్నావమ్మా. వ్యాకరణ పుస్తకాల్లో స్థితి అని ఒక్క మాటలో తేల్చేసేచోట లోపల రెండు రకాలున్నాయి. ఏకధారగా సాగిన స్థితి ఒకటి: వంతెన లేదు, గేదెలున్నాయి, యానాం ఫ్రాన్సుది. దానికి మొదలూ చివరా మధ్యలో కనిపించవు. ఇంకోటి, ప్రతిసారీ కొత్తగా ఏర్పడి మళ్ళీ విడిపోయే స్థితి. మంగళవారం సాయంత్రం రేవులో నించోవడం, ఆయన దిగగానే ఇంటికి రావడం, మళ్ళీ పై మంగళవారం నించోవడం. అలా మళ్ళీ మళ్ళీ వచ్చే స్థితి వుడ్ దృష్టిలో పనితో సమానం. కాబట్టి స్థితా, పనా అని అడిగాక, స్థితైతే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఏకధారా, మాటిమాటికీనా?

హావ్ దగ్గర ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ‘వి వుడ్ హావ్ టూ బఫెలోస్’ కుదరదు, అక్కడ హావ్ అంటే కలిగి ఉండటం. ‘వి వుడ్ హావ్ కాఫీ ఆన్ ది అరుగు’ అంటే ముచ్చటగా ఉంటుంది, అక్కడ హావ్ అంటే తాగడం. మాట అదే, దాని వెనకున్న పనిని బట్టి వుడ్ ఒప్పుకుంటుంది, ఒప్పుకోదు. అరుగు అన్న మాటని అలాగే ఉంచెయ్యండి గౌతమి గారూ, పిల్లలు నేర్చుకుంటారు.

వశిష్ఠ నీరు | ఆదివారం, రాత్రి 10:50

నరసాపురం అమ్మాయినండి, ఐర్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడికొచ్చాక చెవిన పడ్డది చెబుతాను. వీళ్ళెవరూ యూజ్డ్ టు అని విడదీసి పలకరు. ‘యూస్టు’ అని ఒక్క ఊపున అనేస్తారు, మధ్యలో ‘జ’ లేదు, ‘డ’ కూడా లేదు. అదే ‘వాడిన’ అనే అర్థంలో యూజ్డ్ అంటే ‘జ’ ఖచ్చితంగా వినిపిస్తుంది. ‘ది నైఫ్ యూజ్డ్ టు కట్ కోకోనట్స్’, కొబ్బరికాయలు కొట్టడానికి వాడే కత్తి, అక్కడ ‘జ’ పలకాలి. ‘హీ యూజ్డ్ టు కట్ కోకోనట్స్’, దింపు తీసేవాడు, కాయలు కోసేవాడు, అక్కడ ‘స’. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి గానీ చెవికి వేరు.

ఇంకొకటుంది. ‘ఐ యామ్ యూజ్డ్ టు నైట్ డ్యూటీస్’ అంటే రాత్రి డ్యూటీలు నాకు అలవాటైపోయాయి అని. ఇది గతం కాదు, ఇప్పటి సంగతి. యామ్, ఈజ్, వాజ్ ముందు ఉన్నాయంటే దాని వెనక పేరు గానీ ‘-ఇంగ్’ గానీ రావాలి: ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్.’ అలవాటు పడుతున్న దశలో ఉంటే ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు ది కోల్డ్’. కొత్తగా వచ్చిన మన పిల్లల దగ్గర ‘ఐ యామ్ యూజ్డ్ టు గో బై బస్’ అని వింటుంటాను. ఆ ‘యామ్’ తీసేస్తే వెళ్ళేవాణ్ణి అన్నట్టు, ‘గో’ని ‘గోయింగ్’ చేస్తే అలవాటు పడ్డాను అన్నట్టు. రెండిట్లో ఏది చెప్పదలచుకున్నారో వాళ్ళే తేల్చుకోవాలి.

గౌతమి గారూ, మీ మామ్మగారి విషయంలో ఇది బాగా అక్కరకొస్తుంది. ‘షి వాజ్ యూజ్డ్ టు వెయిటింగ్’ అంటే ఎదురుచూడటం ఆవిడకి అలవాటైపోయింది అని. ‘షి యూజ్డ్ టు వెయిట్’ అంటే ఎదురుచూసేది అని. మొదటిదాంట్లో ఆవిడ మనసు ఉంది, రెండోదాంట్లో ఆవిడ పని ఉంది.

తూర్పుగాలి | సోమవారం, ఉదయం 6:25

ఇదంతా చదువుతుంటే ఒక అనుమానమొచ్చింది. ‘నువ్వు చెప్పుంటే నేను వచ్చేవాణ్ణి’ అంటాం కదా. అక్కడా ‘-ఏవాణ్ణి’యే. కానీ అది అలవాటు కాదు, అసలు జరగనే లేదు. మరి దానికి?

పాలకొల్లు పంతులమ్మ | సోమవారం, ఉదయం 7:15

ఎంత మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ! ఈ ఒక్క విషయంలో తెలుగూ ఇంగ్లీషూ ఒకే దారిలో నడిచాయి. మన ‘-ఏవాణ్ణి’ గతంలో అలవాటుగా జరిగినదానికీ, షరతు తీరక జరగనిదానికీ వస్తుంది. వాళ్ళ వుడ్ కూడా అంతే. ‘వంతెన లేకపోతే ఇప్పటికీ పడవెక్కేవాళ్ళం’, ‘ఇఫ్ దేర్ వర్ నో బ్రిడ్జ్, వి వుడ్ స్టిల్ టేక్ ది బోట్’. నువ్వు రాసిన వాక్యమైతే ‘వుడ్ హావ్ కమ్’ అవుతుంది. యూజ్డ్ టు ఈ షరతు పనికి అస్సలు రాదు.

వుడ్‌తో కథ మొదలెట్టకూడదని మాష్టారు అన్నదానికి అసలు కారణం కూడా ఇక్కడే ఉంది. ముందు కాలం చెప్పకుండా ‘హీ వుడ్ గో టు యానాం’ అంటే, వినేవాళ్ళు ‘ఎప్పుడు? ఏమైతే?’ అని షరతు కోసం చూస్తారు. ‘ఇన్ దోజ్ డేస్’ పడ్డాక ఆ అనుమానం పోతుంది.

మాట్లాడేటప్పుడు వుడ్ కాస్తా ఉత్త ‘డ్’ అయిపోతుంది: హీడ్, షీడ్, వీడ్. హాడ్ కూడా అలాగే కుదించుకుపోతుంది కాబట్టి వెనకున్న క్రియ చూసుకో. ‘హీడ్ గో’ అంటే వుడ్, ‘హీడ్ గాన్’ అంటే హాడ్.

గౌతమి ఒడ్డు | సోమవారం, రాత్రి 9:20

అందరికీ చాలా చాలా థ్యాంక్సండి. మీరు చెప్పినట్టు రాశాను. మామ్మకి చదివి వినిపించి, తెలుగులో అర్థం చెబితే ‘ఆయ్, అలాగే జరిగేది’ అంది. చూడండి:

‘ఇన్ దోజ్ డేస్ దేర్ వాజ్ నో బ్రిడ్జ్ టు యానాం. దేర్ యూజ్డ్ టు బీ ఎ ఫెర్రీ. ఎవ్రీ ట్యూజ్‌డే మై హజ్బెండ్ వుడ్ గెటప్ ఇన్ ది డార్క్, ఈట్ లాస్ట్ నైట్స్ రైస్ అండ్ వాక్ డౌన్ టు ది ల్యాండింగ్. వి హాడ్ టూ బఫెలోస్, అండ్ హీ వుడ్ బ్రింగ్ బ్రాన్ ఫర్ దెమ్ ఫ్రమ్ ది మార్కెట్. బై ద టైమ్ హీ కేమ్ బ్యాక్ ఐ వుడ్ బీ స్టాండింగ్ దేర్ విత్ ఎ లాంటర్న్. దెన్, వన్ ఆగస్ట్, ది రివర్ కేమ్ అప్ ఓవర్ అవర్ అరుగు.’

గేదెల దగ్గర హాడ్ అని పెట్టేశాను, పైన యూజ్డ్ టు ఒకసారి వచ్చింది కదా అని. సరేనా? మామ్మ చెప్పిన ఆగస్టు 1986 వరద అని నాన్నగారు అన్నారు, ఏడాది కూడా వెయ్యనా?

లొల్ల లాకులు | సోమవారం, రాత్రి 9:55

హాడ్ భేషుగ్గా ఉంది. కాలం తెలిశాక స్థితికి ఉత్త పాస్ట్ వేసుకోవడమే అందం. యూజ్డ్ టు ఒక్కటే మిగిలింది చూశారా, ఆ పేరాకి అదొక్కటీ చాలు. 1986 తప్పకుండా వెయ్యండి: ‘దెన్, ఇన్ ఆగస్ట్ 1986’. అప్పటిదాకా ప్రతి మంగళవారం అని తిరిగిన కథ అక్కడ ఒక తేదీ మీద నిలబడుతుంది. వుడ్, వుడ్, వుడ్ అని చదువుకుంటూ వచ్చిన పిల్లలకి ‘కేమ్ అప్’ అనగానే ఆ రోజు వేరని తెలుస్తుంది. 1996 నవంబరు తుపాను గురించి రాసినా ఇలాగే రాయండి, ముందు కొబ్బరితోట ఎలా ఉండేదో చెప్పి, ఆ తర్వాత తేదీ.

తూర్పుగాలి, నీకూ ఇదే చెబుతాను. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ రెండో భాగంలో ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడిస్తారు. చిన్నప్పటి చోటు, చిన్నప్పటి మనిషి అన్న అంశమొస్తే ఈ నడకే పట్టు: యూజ్డ్ టుతో తెరువు, వుడ్‌లతో నడిపించు, ఒక రోజు జరిగిన ఒక సంఘటన మామూలు పాస్ట్‌లో చెప్పు. అక్కడ మార్కులు వేసే నాలుగు అంశాల్లో వ్యాకరణ వైవిధ్యం, శుద్ధత కలిపి ఒకటి. మూడు రూపాలూ సరైన చోట పడితే వేరే హంగులు అక్కర్లేదు.

గౌతమి ఒడ్డు | సోమవారం, రాత్రి 10:10

ఇంకొక్కటే మాష్టారూ. ‘ఏటికవతల ఏముందో తెలిసేది కాదు’ అన్న వాక్యం వదిలేశాను, ఎలా రాయాలో తెలియక. డిడ్‌న్ట్ యూజ్డ్ టు నో అనాలా?

లొల్ల లాకులు | మంగళవారం, ఉదయం 5:50

‘ఐ డిడ్‌న్ట్ నో వాట్ వాజ్ ఆన్ ది అదర్ సైడ్’ అని రాయండి. తెలియకపోవడం ఏకధార స్థితి, కాలం ముందే చెప్పేశారు, ఉత్త పాస్ట్ సరిపోతుంది.

వేరేచోట కావలసి వస్తే, డిడ్ వచ్చాక యూజ్డ్‌లోని ‘డి’ తీసేసి రాయడం ప్రామాణికం: ‘వి డిడ్‌న్ట్ యూజ్ టు లాక్ ది డోర్స్.’ ప్రశ్నకీ అంతే: ‘డిడ్ యు యూజ్ టు లాక్ ది డోర్స్?’ ‘డి’ ఉంచి రాసేవాళ్ళూ కనిపిస్తారు, పలుకులో తేడా తెలియదు కాబట్టి. మాటల్లో అయితే ‘వి నెవర్ యూజ్డ్ టు లాక్ ది డోర్స్’ అనడమే ఎక్కువ, అక్కడ ‘డి’ ఉండాల్సిందే. మామ్మగారి గొంతుకి నాకైతే ఆ నెవర్ బాగా నప్పుతుందనిపిస్తోంది.

వుడ్‌న్ట్‌తో మాత్రం చూసుకుని నడవండి. ‘హీ వుడ్‌న్ట్ గెట్ ఇన్టు ది బోట్’ అంటే ఎక్కేవారు కాదు అన్నదానికన్నా, ఎక్కనంటే ఎక్కనని మొండికేశారు అన్న అర్థమే ముందు తడుతుంది. వరదల్లో తాతయ్యగారు పడవెక్కేవారు కాదని రాయాలంటే మీ మామ్మగారినే అడగండి, ఆయన భయపడి మానేవారా, పడవ కట్టేసేవారా, లేక ఎవరు రమ్మన్నా ససేమిరా అనేవారా అని. ససేమిరా అయితే వుడ్‌న్ట్. కానిపక్షంలో ‘హీ నెవర్ టుక్ ది బోట్ ఇన్ ది ఫ్లడ్ సీజన్’ అని రాసెయ్యండి.